ఎర్రచుక్కకు తోడు ఇనుప గురి

హైదరాబాద్ నిజామియా వేధశాలకు 15 అంగుళాల దూరదర్శిని వచ్చింది డబ్లిన్‌లోని గ్రబ్ సంస్థ నుంచి. ఆ సంస్థను నడిపిన సర్ హోవర్డ్ గ్రబ్ 1900లో తుపాకుల కోసం కూడా ఒక పరికరం రూపొందించి పేటెంట్ తీసుకున్నాడు. నేడు పిస్టల్ మీద అగ్గిపెట్టెంత చోటులో ఒదిగిపోయే ‘రెడ్ డాట్’ సైట్ పుట్టుక అక్కడే ఉంది.

గ్రబ్ పరిష్కరించిన చిక్కు కంటికి సంబంధించింది. ఐరన్ సైట్లతో గురి చూడాలంటే వెనుక గాడి, ముందు మొన, లక్ష్యం ఈ మూడూ ఒకే గీత మీదికి రావాలి. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కంటి కటకమేమో ఒకసారికి ఒక దూరానికే సర్దుకుంటుంది. అందుకే శిక్షకులు మొనను స్పష్టంగా చూడమంటారు, లక్ష్యం మసకబారినా సరే అంటారు. చత్వారం వచ్చినవారికి ఆ మొన కూడా మసకే. పైగా పిస్టల్ పొట్టిది. రెండు సైట్ల మధ్య దూరం 165 మిల్లీమీటర్లు అనుకుంటే, మొన గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 15 సెంటీమీటర్లు తప్పుతుంది.

గ్రబ్ దూరదర్శినుల మనిషి కాబట్టి దారి తెలుసు. కటకం నాభి దగ్గర ఒక గుర్తును ఉంచితే, దాని నుంచి వచ్చే కిరణాలు కటకం దాటాక సమాంతరమవుతాయి. వాటిని ఒక పలుచటి గాజు పలక మీద ప్రతిఫలింపజేస్తే, గుర్తు ఎక్కడో అనంత దూరంలో, లక్ష్యం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను ఇక లక్ష్యాన్ని చూస్తే చాలు.

ఈ ఆలోచన మొదట ఆకాశానికి ఎక్కింది. 1918లో జర్మన్ యుద్ధవిమానాల్లో కనిపించింది, రెండో ప్రపంచయుద్ధం నాటికి ఫైటర్ విమానాలకు మామూలు సామగ్రి అయింది. 1970లలో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ గుర్తు స్థానంలో ఎల్‌ఈడీని పెట్టింది. 1990లో అడిలైడ్‌లో జరిగిన ప్రాక్టికల్ షూటింగ్ ప్రపంచ పోటీలో అమెరికన్ షూటర్ డగ్ కోనిగ్ రెడ్ డాట్ బిగించిన పిస్టల్‌తో గెలిచాడు. 2009లో ట్రిజికాన్ సంస్థ, కాల్చిన ప్రతిసారీ వెనక్కీ ముందుకీ కదిలే పిస్టల్ పైభాగం, అంటే స్లైడ్ కుదుపులకు తట్టుకునే చిన్న సైట్‌ను తెచ్చింది. 2015లో గ్లాక్ సంస్థ ఈ సైట్లు బిగించుకునేందుకు స్లైడ్ పైన చోటు చెక్కిన పిస్టళ్లను విడుదల చేసింది.

ఇప్పటి సైట్లలో గాజు వంపు తిరిగి ఉంటుంది. దాని మీది పూత ఎర్రకాంతిని కంటివైపు తిప్పి, మిగతా వెలుగును చాలావరకు సాగనిస్తుంది. కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి తల కొద్దిగా జరిగినా చుక్క లక్ష్యాన్ని వదలదు.

మరి ఐరన్ సైట్లు ఎందుకు? బ్యాటరీ అయిపోవచ్చు. ఎల్‌ఈడీ ముందు ఒక్క వాన చినుకు నిలిచినా చుక్క చెదిరిపోతుంది. చలిలోంచి గదిలోకి వస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. అప్పుడు ఆదుకోవాల్సినవి ఇనుప సైట్లే. వాటిని ఎంచుకోవడానికీ లెక్క ఉంది.

మొదటిది ఎత్తు. పిస్టల్‌తో వచ్చే మామూలు సైట్లు చాలావరకు రెడ్ డాట్ చట్రం వెనుక మరుగైపోతాయి. సైలెన్సర్ లావు గొట్టం చూపుకు అడ్డం రాకుండా తయారైన ఎత్తైన సైట్లు ఇక్కడ అక్కరకొస్తాయి. అయితే స్లైడ్‌ను లోతుగా చెక్కి బిగిస్తే రెడ్ డాట్ కిందికి కూర్చుంటుంది, మధ్యలో ప్లేటు వేస్తే పైకి లేస్తుంది. కాబట్టి ముందు రెడ్ డాట్‌ను, బిగించే పద్ధతిని ఖాయం చేసుకుని, ఆ తర్వాతే సైట్ల ఎత్తు కొలవాలి. అవి గాజు కిటికీలో అడుగున, మూడో వంతుకు మించకుండా కనిపిస్తే సరైన కొలత. మధ్యకు వస్తే లక్ష్యాన్ని కప్పేస్తాయి.

రెండోది గుర్తులు. మూడు తెల్లచుక్కల సైట్ల మధ్య ఎర్రచుక్క వెలిగితే కన్ను దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేదు. వెనుక సైట్ నున్నటి నలుపులో ఉండాలి. ముందు మొనకు ఒక్క గుర్తు చాలు, అదీ ఆకుపచ్చదైతే ఎరుపుతో కలిసిపోదు. ఆ గుర్తు ట్రిటియం గొట్టమైతే చీకట్లో తనంతట తానే వెలుగుతుంది, కానీ దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే పుష్కరకాలానికి వెలుగు సగానికి తగ్గుతుంది. ఫైబర్ ఆప్టిక్ గుర్తుకు ఆ తరుగు లేదు గానీ బయటి వెలుతురు కావాలి.

మూడోది చోటు. వెనుక సైట్ రెడ్ డాట్‌కు ముందు ఉంటే రెండు సైట్ల మధ్య దూరం తగ్గుతుంది, ఇందాకటి లెక్క ప్రకారం తప్పు పెరుగుతుంది. వెనుకే ఉంటే ఆ నష్టం లేదు.

చివరగా, చుక్కను ఐరన్ సైట్ల మొన మీదికి తెచ్చి అదే సరిచూసుకోవడం అనుకోకూడదు. రెంటినీ విడివిడిగా కాల్చి సరిచూడాలి. కన్ను గీత మీద లేకపోయినా చుక్క పనిచేస్తుంది, ఐరన్ సైట్లు పనిచేయవు. వాడేటప్పుడు రెంటినీ కలపాలని చూస్తే రెడ్ డాట్ ఇచ్చిన వేగం పోతుంది.

ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో ఈనాటికీ రెడ్ డాట్‌కు అనుమతి లేదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ రజతం సాధించింది గాడి, మొనలతోనే. రేంజిలో అడుగుపెట్టే యువత ముందు ఐరన్ సైట్లు నేర్చుకోవాలి. ఎర్రచుక్క చెయ్యి వణుకును చూపిస్తుందే తప్ప మాన్పలేదు.