వీరుడు చెప్పమన్న చివరి మాట

అభ్యుదయ సాహిత్యంలో వీరులకు కొదవ లేదు. అయితే ఆ వీరుడి బొమ్మను ఎవరి పోలికలతో గీశాం, ఎవరిని వదిలేశాం అన్న ప్రశ్నను మన విమర్శ అరుదుగానే వేసుకుంది. స్వలింగ ప్రేమికులు మన కథల్లోకి వచ్చినా ఎక్కువగా హాస్యానికో జుగుప్సకో జాలికో వచ్చారు. తెగువకు ప్రతినిధులుగా రాలేదు. ఇది సాహిత్య లోపమే కాదు, చరిత్రకు చేసిన అన్యాయం కూడా. ఫాసిస్టు వ్యతిరేక పోరాటం నుంచి ఒక్క ఉదాహరణ పరిశీలిద్దాం.

విల్లెం అరోండేయస్ (1894–1943) డచ్చి చిత్రకారుడు, రచయిత. 1940లో హాలండును ఆక్రమించుకున్న జర్మన్లు ప్రజలందరికీ గుర్తింపు కార్డులు తప్పనిసరి చేశారు. యూదుల కార్డులపై 'జె' అక్షరం గుద్దారు. రహస్యోద్యమం దొంగ కార్డులు తయారుచేసింది. కాని ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్ట్రీలోని అసలు పత్రంతో పోల్చి చూస్తే ఆ కార్డు గుట్టు బయటపడేది. గుమాస్తా బీరువాలోని కాగితమే మనిషిని చావుకు పంపే ఆయుధమైంది. ఆ కాగితాన్ని తగలబెట్టడమే మార్గమని కళాకారుల దళం ఒకటి నిశ్చయించుకుంది.

1943 మార్చి 27 రాత్రి అరోండేయస్, శిల్పి గెరిట్ వాన్ డెర్ వీన్, వారి సహచరులు పోలీసు వేషాల్లో రిజిస్ట్రీలో ప్రవేశించారు. ఆ దుస్తులు కుట్టిన దర్జీ షూర్డ్ బాకర్ కూడా స్వలింగ ప్రేమికుడే. కాపలాదారులను చంపలేదు, మత్తు సూది వేసి పక్కనున్న జంతుప్రదర్శనశాల తోటలోకి మోసుకుపోయారు. తర్వాత భవనాన్ని పేల్చారు. రికార్డుల్లో సుమారు 15 శాతం నాశనమైంది. ఈ పథకంలో పాలుపంచుకున్న ఫ్రీడా బెలిన్‌ఫాంటె సంగీత విద్వాంసురాలు, స్త్రీలను ప్రేమించిన స్త్రీ. ఆమె మగవేషంలో తలదాచుకుని, చివరికి స్విట్జర్లాండు చేరింది.

దళంలో చాలామంది త్వరలోనే పట్టుబడ్డారు. 1943 జులై 1న అరోండేయస్, బాకర్‌లతో సహా 12 మందిని కాల్చి చంపారు. స్వలింగ ప్రేమికులు పిరికివాళ్ళు కారని లోకానికి చెప్పమని అరోండేయస్ చావుకు ముందు న్యాయవాది లావ్ మాజిరెల్‌ను కోరాడు.

ఆ తర్వాత జరిగిందే విమర్శకుడు ముఖ్యంగా గమనించాలి. 1984లో డచ్చి ప్రభుత్వం ఆయనకు ప్రతిఘటన స్మారక పతకం ఇచ్చింది. కాని ఆయన చెప్పమన్న మాట మాత్రం 1990లో వచ్చిన టెలివిజన్ డాక్యుమెంటరీ దాకా విస్తృతంగా జనానికి చేరలేదు. జర్మనీలో నాజీలు 1935లో కఠినతరం చేసిన 175వ సెక్షన్ పశ్చిమ జర్మనీలో 1969 దాకా అదే రూపంలో అమలయింది. ఫాసిజం ఓడింది గాని, దాని నీతిశాస్త్రం వెంటనే ఓడలేదు.

"వీరుడి సొంత బతుకుతో మనకేం పని?" అని కొందరు అడగవచ్చు. పని ఉంది, ఆ రెంటినీ విడదీయవద్దని కోరినవాడు ఆ వీరుడే. 'మనిషి' అనే విశాలమైన మాట వెనుక ఎవరెవరు మరుగున పడ్డారో స్త్రీవాద, దళిత సాహిత్యాలు మనకు నేర్పాయి. ఆ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. కాని చట్టం తొలగించిన ముద్రను సాహిత్యం కూడా తొలగించాలి.

అంటే స్వలింగ ప్రేమికులందరినీ వీరులుగా చిత్రించమని కాదు. బతికే హక్కుకు వీరత్వం అర్హత కారాదు. పిరికివాడికీ ఆ హక్కు ఉంది. రచయిత చేయవలసింది ఒక్కటే: వీరుడి కథ చెప్పేటప్పుడు అతని ప్రేమను కొట్టివేయకుండా, మొత్తం మనిషిని చూపించడం.