పానా పట్టుకుంటే వారంటీ పోతుందా?

సార్వా దమ్ముల్లో ట్రాక్టరు ఒక్కరోజు ఆగితే రైతుకు అదను తప్పుతుంది, డ్రైవరుకు కూలి పోతుంది. అందుకే మండపేట చుట్టుపక్కల చిన్న మరమ్మతు ఊళ్ళోనే చేయించేస్తారు. తర్వాత ఇంజను మొరాయిస్తే షోరూములో "బయట విప్పించారు, వారంటీ పోయింది" అంటారు.

ఇది అన్యాయమంటున్నాము. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట మరమ్మతు చేయించారని వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ పని వల్ల చెడిన మేరకే కాదనవచ్చుననీ చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. తీర్పు కార్లదే అయినా న్యాయం ట్రాక్టరుకూ ఒకటే. 2022లో మరమ్మతు హక్కుపై కేంద్రం వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. దానికి చట్టబలం కావాలి.

మనం కెలికిన పంపు చెడితే నష్టం మనదే. లైటు మార్చినందుకు గేరుపెట్టె వారంటీ ఎందుకు పోవాలి?

బిల్లులు, పాత సామాను దాచండి. కాదన్న మాట కాగితం మీద అడగండి. సొంత జీవనోపాధికి కొన్న బండి అయితే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఖరీదు 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలే. నోటిమాట విని వెనుదిరగవద్దు.