కన్ను బాగుచేశారు, చూడటం నేర్పేదెవరు?

గవర్నర్‌పేట కిళ్లీకొట్టు ముందు పిల్లోడి చేతిలో సున్నం ప్యాకెట్ చూస్తే నాకు గుండె ఆగిపోద్ది. చిట్లి కంట్లో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు మాడి, తెల్లపొర కమ్మేసిద్ది.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2012లో ఓ తేలిక పద్ధతి ప్రకటించారు. బాగున్న కంటి అంచున చిన్న ముక్క తీసి, తుంచి, దెబ్బతిన్న గుడ్డు మీద నాటుతారు. మన వరినాట్లు లెక్కే అనుకోండి. ఆ కణాలు పెంచడానికి ల్యాబ్ అక్కర్లేదు.

పొర పోతే చూపొచ్చినట్టేనా? కాదండీ. పసిపిల్లల్లో వాడకం లేని కంటిని మెదడు పక్కన పెట్టేసిద్ది. బాగున్న కంటికి పట్టీ వేసి, దెబ్బతిన్న కంటితో చూడటం అలవాటు చేయించాలి, నెలల తరబడి. అది నేర్పేవాళ్లు ఆపరేషన్ నాడే డాక్టర్ పక్కన ఉండాలి. ఎల్వీ ప్రసాద్‌లో పునరావాస విభాగమూ ఉంది. నేను తోడెళ్లిన ఇంకో చోట డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టి పంపేశారు. కూలి మానుకుని వచ్చిన ఆ తల్లికి పట్టీ సంగతి చెప్పిన మనిషే లేడు.