గాంబియాలోని ప్రధాన రోడ్డు వంతెనలు

గాంబియా పశ్చిమ ఆఫ్రికాలోని ఒక చిన్న దేశము. గాంబియా నదికి ఇరువైపులా ఉన్న సన్నని పట్టీ వంటి భూభాగమే ఈ దేశము. దీని వెడల్పు ఎక్కడా 50 కిలోమీటర్లకు మించదు. సముద్రతీరము తప్ప మిగిలిన మూడు వైపులా సెనెగల్ ఉన్నది. 1965లో స్వాతంత్ర్యము వచ్చినా, ప్రధాన నదిని పూర్తిగా దాటే వంతెన గాంబియాలో 2019 వరకు లేదు. ఈ లోటు వలన గాంబియా ప్రజలే కాక, సెనెగల్ దక్షిణ భాగమైన కసమాన్స్ ప్రజలు కూడా ఎన్నో ఇబ్బందులు పడ్డారు.

సెనెగాంబియా వంతెన

డాకర్ నుండి కసమాన్స్‌కు దగ్గరి దారి గాంబియా మీదుగానే పోతుంది. ఫరఫెన్ని సమీపమున బంబాటెండా, యెల్లిటెండా రేవుల మధ్య వాహనములను ఫెర్రీలపై దాటించేవారు. లారీలు రోజుల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. లేకపోతే తూర్పున తంబకుండా మీదుగా, సెనెగల్ భూభాగములోని గులూంబు వంతెన దాటి, వందల కిలోమీటర్లు చుట్టి రావాలి.

రోడ్డు ప్రయాణము ఇంత కష్టమైనందున చాలామంది జిగించోర్ నుండి డాకర్‌కు ఓడలో వెళ్ళేవారు. 2002 సెప్టెంబరు 26న, పరిమితికి మించి జనమును ఎక్కించుకున్న లె జూలా అనే ఓడ గాంబియా తీరమునకు దూరముగా తుఫాను గాలులలో బోల్తాపడి 1,800 మందికి పైగా మరణించారు.

ఫెర్రీ రాజకీయములకు కూడా కారణమైనది. 2005లో గాంబియా ఫెర్రీ రుసుమును రెట్టింపు చేయగా సెనెగల్ లారీ డ్రైవర్లు సరిహద్దును దిగ్బంధము చేశారు. 2016లో లారీలపై రుసుము భారీగా పెంచినప్పుడు సరిహద్దు మరల నెలల తరబడి మూతపడినది.

ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ఆర్థిక సహాయముతో ఇక్కడ నిర్మించిన 942 మీటర్ల వంతెనను 2019 జనవరి 21న అప్పటి అధ్యక్షులు ఆడమా బారో (గాంబియా), మాకీ సాల్ (సెనెగల్) ప్రారంభించారు. మొదట చిన్న వాహనములనే అనుమతించి, కొన్ని నెలల తరువాత లారీలకు కూడా తెరిచారు. దాటుటకు సుంకము చెల్లించాలి.

ఎగువ నది వంతెనలు

దేశపు తూర్పు కొసన బస్సే, ఫతోటో వద్ద చైనా సహాయముతో కట్టిన రెండు వంతెనలు 2021లో ప్రారంభమైనవి. అంతకు ముందు ఈ ప్రాంతములో ఫెర్రీని అడ్డముగా కట్టిన తీగను చేతులతో లాగుతూ నడిపేవారు. తరచు ప్రయాణికులు కూడా ఒక చేయి వేసేవారు.

డెంటన్ వంతెన

ఇది ప్రధాన నదిపై కాక ఆయిస్టర్ క్రీక్ అనే పాయపై ఉన్నది. పొడవులో చిన్నదైనా, ద్వీపముపై ఉన్న రాజధాని బాంజుల్‌ను సెరెకుండా వైపు భూభాగముతో కలిపే రోడ్డు ఇదే. 1900 నుండి 1911 వరకు బ్రిటిషు గవర్నరుగా ఉన్న జార్జి డెంటన్ పేరును దీనికి పెట్టారు. బాంజుల్ నుండి ఎదుటి ఒడ్డున ఉన్న బర్రాకు మాత్రము వంతెన లేదు. అక్కడ నది ముఖద్వారము చాలా వెడల్పైనది కావున ఫెర్రీలే నడుస్తున్నవి.