లంబసింగి దారిలో

మార్గశిరం ప్రవేశించినదంటే మన పత్రికలలో లంబసింగి పేరు కనబడక మానదు. కోస్తాలో పుట్టి పెరిగి, చలి అంటే తెల్లవారుజామున దుప్పటి కాస్త పైకి లాగుకొనడమే అని తెలిసిన మన వంటివారికి, అక్కడ ఉష్ణమాపకం సున్నాకు దగ్గరపడినదన్న వార్త కథవలె వినబడుతుంది. తూర్పు కనుమలలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలో ఉన్న చిన్న గ్రామమిది. కొర్రబయలు అని దీనికి మరొక పేరున్నది. ఆరుబయట నిలిచినవాడు కొర్రువలె బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకొంటారో లేదో గాని, తెల్లవారుజామున నాలుగు గంటలకు అక్కడ నిలిచినవారెవరూ కాదనరు.

గత శీతకాలంలో ఒక శనివారం మేము ఆరుగురం అక్కడకు ప్రయాణం కట్టాము. ఇద్దరు సహోద్యోగులు, బి.ఏ. చదువుతున్న ముగ్గురు విద్యార్థులు, నేను. నర్సీపట్నం దాటి మైదానం వెనుకబడగానే కొండదారి మొదలవుతుంది. అక్కడినుండి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. ఒక్కొక్క మలుపుకు గాలి మారుతుంది. మొదట ఉక్క పోతుంది, తరువాత చెమట ఆరుతుంది, ఆపైన మాటల నడుమ పండ్లు తాకుకొంటవి. మేము చేరేసరికి చీకటి పడినది. మంచును చూడవచ్చినవారి గుడారాలు దారిప్రక్కన తిరునాళ్లవలె వెలసి ఉన్నవి. ఏకాంతం కోరి బయలుదేరినవారందరూ ఒక్కచోటికే చేరితే ఎట్లుంటుందో ఆ రాత్రి బోధపడినది.

గుడారాల మధ్య నెగళ్లు, నెగళ్ల ప్రక్కన పాటలపెట్టెలు. నాలుగు దిక్కులనుండి నాలుగు పాటలు మ్రోగుతున్నా, అన్నిటినీ మించి వినబడినది ‘నాటు నాటు’. చంద్రబోసు వ్రాయగా కీరవాణి బాణీ కట్టిన ఆ పాట 2023 మార్చిలో ఆస్కారు బహుమానం పొందినది. తెలుగు చిత్రంలోని పాటకు ఆ గౌరవం అదే ప్రథమం. పాటను నేను తక్కువ చేయను. పల్లెటూరి మాటలను, మట్టివాసనగల ఉపమానాలను గుదిగుచ్చి చిందులోకి దింపడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. మా పిల్లలు ముగ్గురూ నెగడి చుట్టూ ఆ అడుగులు వేస్తుంటే సహోద్యోగులలో పెద్దవారు సైతం శాలువా సవరించుకొని తాళం వేశారు. అయితే ఆ నృత్యాన్ని చిత్రీకరించినది ఉక్రెయిను దేశంలో, కీవు నగరపు రాజభవనం ముందర. అల్లూరి సీతారామరాజు పేరుగల నాయకుడు ఆడిన ఆ ఆట అంత దూరం తిరిగి, ఇప్పుడు ఆయన తిరిగిన కొండలమీదికి పెట్టెలో వచ్చి చేరినది.

తెల్లవారుజామున చెరువులవేనం ఎక్కాము. క్రింద లోయ లేదు; తెల్లని మేఘం మాత్రమే ఉన్నది. అందులోనుండి కొండకొమ్ములు దీవులవలె పైకి వచ్చి ఉన్నవి. సూర్యుడు రాగానే ఆ తెలుపు మీద లేత కాషాయం ప్రాకినది. ఇంతకంటె వర్ణించను. ప్రబంధాలు పాఠం చెప్పేవాడికి ఈ విషయంలో నిగ్రహం అవసరం. దిగివస్తుండగా వలిసె చేలు కనబడినవి. కొండవాలంతా పసుపు పరచినట్లున్నది. చేను అంచున త్రాడు కట్టి, లోపల నిలిచి ఫొటో తీసుకొనేవారి వద్ద మనిషికి పది రూపాయలు వసూలు చేస్తున్నది ఒక గిరిజన స్త్రీ. ఇది అన్యాయమని మాకు ముందున్న కుటుంబంవారు వాదించారు. వలిసె నూనెగింజ, పూవు రాలినా, మొక్క నలిగినా ఆమె ఇంట గింజ తగ్గుతుంది. ఆమె వారితో వాదించలేదు, త్రాడు విప్పనూ లేదు.

ఆ ఉదయం టీ దుకాణం వద్ద ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణమైనది. చింతపల్లి ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్లేనని, 1922 ఆగస్టు 22న సీతారామరాజు మొదట దాడిచేసిన పోలీసు స్టేషను అక్కడిదేనని నేను చెప్పాను. “మాస్టారూ, సినిమాలో రాజు పోలీసు గదా! మరి స్టేషనును కొట్టడమేమిటండీ?” అన్నాడు. వాడు తెలివితక్కువవాడు కాడు. ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రాన్ని మూడుసార్లు చూచాడు. రాజమౌళి తాను తీసినది కల్పన అని దాచుకొనలేదు. సీతారామరాజు, కొమరం భీము కలిసికొన్నట్లు చరిత్రలో లేదు. భీము పోరు నిజాం రాజ్యంలోని ఆసిఫాబాదు అడవులలో జరిగినది, ఆయన 1940లో జోడేఘాటు వద్ద అసువులు బాసినాడు. రాజు అంతకు పదహారేండ్ల ముందే, 1924 మే 7న, కొయ్యూరు వద్ద కాల్చివేయబడినాడు. ఇద్దరినీ స్నేహితులుగా ఊహించడం కవికి ఉన్న స్వాతంత్ర్యం. మన పురాణకవులు అంతకంటె ఎక్కువే తీసుకొన్నారు. నాకు గల చింత వేరు. ఆ చిత్రంలో కథ చాలావరకు ఢిల్లీలో నడుస్తుంది. రాజు తన ఊరివారికి తుపాకులు తెచ్చి ఇవ్వాలని పోలీసు దుస్తులు ధరిస్తాడు. నిజమైన రాజుకు ఆ వేషం అక్కరలేకపోయినది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, ఈ మూడు స్టేషన్లను వరుసగా మూడు దినాలలో ముట్టడించి 26 తుపాకులు తీసుకొన్నాడు. ఏమేమి తీసుకొన్నాడో స్టేషను పుస్తకంలోనే వ్రాసి, సంతకం చేసి వెళ్లాడని చెప్పుకొంటారు. ఏ కథకుడు కల్పించగలడు ఇంతకంటె నాటకీయమైన ఘట్టాన్ని?

“అయితే ఎందుకు కొట్టాడండీ?” అన్నాడు మరొకడు.

దానికి సమాధానం మేము ఎక్కివచ్చిన దారిలోనే ఉన్నది. నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ చేతిలో ఉండేది. కొండవారిని పిలిపించి, కూలి సరిగా ఇవ్వక, దౌర్జన్యం చేసి ఆ పని చేయించాడు. ఇంకొకవైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఉన్నది. తరతరాలుగా కొండవాలు నరికి, కాల్చి, విత్తనం చల్లుకొనే పోడు సేద్యం దానివలన నేరమైపోయినది. ఎవరి అడవిలో వారే దొంగలైనారు. గాము గంటన్న దొర, ఆయన తమ్ముడు మల్లు దొర వంటివారు బాస్టియన్‌తో పోరాడి విసిగి ఉన్నవారే. రంపలో 1879లోనే పెద్ద తిరుగుబాటు జరిగి ఉన్నది. మైదానం నుండి వచ్చిన యువసన్యాసి ఒకడు శూన్యంలో నిప్పు రగిలించలేదు, నివురు ఊదినాడు. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును రప్పించి, సుమారు రెండేండ్లు వెదకిగాని ఆయనను పట్టుకొనలేకపోయినారంటే, ఊరూరా అన్నం పెట్టి దాచినవారున్నారన్నమాట. వారి పేర్లు తెరమీద పడవు.

మేము మంచు చూడడానికి కారులో ఎక్కిన దారి అది. పిల్లలు కొంతసేపు మాట్లాడలేదు.

ఈ విషయంలో 1974 మే నెలలో విడుదలైన కృష్ణ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ను తలచుకొనక తప్పదు. అందులో చాలా భాగం ఈ చింతపల్లి అడవులలోనే తీశారు. తెలుగులో అది మొదటి సినిమాస్కోపు చిత్రం. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రం పూర్తికాకముందే మరణిస్తే, మిగిలిన భాగాన్ని ఇతరులు పూర్తిచేశారు. అందులో శ్రీశ్రీ వ్రాసిన గీతానికి జాతీయ బహుమానం వచ్చినది. మా తరంవారికి సీతారామరాజు ముఖమంటే కృష్ణగారి ముఖమే. అందులోనూ అతిశయోక్తులున్నవి, రంగస్థలపు సంభాషణలున్నవి. అయినా కథ మన్యం విడిచి పోలేదు. మన్నెంవాని కష్టం ఏమిటో ప్రేక్షకుడు తెలిసికొనే ఇంటికి పోయినాడు. కొత్త చిత్రం సాంకేతికంగా దానికి ఎన్నో రెట్లు మిన్న. కాని అందులో కొండ లేదు. 2024లో లంబసింగి పేరుతోనే ఒక ప్రేమకథాచిత్రం వచ్చినది. దాని సంగతి చూచినవారు చెప్పాలి.

ఒక సంగతి చిత్రంగా తోస్తుంది. ‘ఆర్.ఆర్.ఆర్.’ విడుదలైనది 2022 మార్చి 25న. సరిగా పది దినాలకు, ఏప్రిల్ 4న, పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. చింతపల్లి దాడికి నూరేండ్లు నిండినది కూడా ఆ సంవత్సరమే. పేరు ఇంతగా మ్రోగిన ఏడాది మరొకటి లేదు. పేరు వెనుకనున్న విషయం పాఠశాలలో ఎంత మ్రోగినదో ఉపాధ్యాయ మిత్రులే చెప్పాలి.

మధ్యాహ్నం తాజంగి జలాశయం చూచి, కాఫీ తోటల నడుమగా తిరిగి వచ్చాము. సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లనే అల్లుకొని మిరియపు తీగ. ఒక విడిదివద్ద ధింసా ఆడించారు. నడుము వెనుకగా చేతులు పెనవేసుకొని, వరుస తెగకుండా, పాము మెలి తిరిగినట్లు తిరిగే ఆ నాట్యం నిజంగా అందమైనది. పండుగకు, పెండ్లికి ఊరంతా కలిసి ఆడేది. ఇక్కడ అరగంట ఆడి డప్పు ఆపారు. చూచినవారిలో ఒకరు ‘నాటు నాటు’ అడుగులు వేయమని కోరారు. వరుసలోని పడుచులు ఒకరి ముఖమొకరు చూచుకొని నవ్వి, రెండడుగులు వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము.

మల్లు దొర కథను మాత్రం ఏ చిత్రం చూపలేదు. పట్టుబడి, అండమానులో శిక్ష అనుభవించి, బ్రతికి తిరిగి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్టణం నుండి ఎన్నికైనాడు ఆయన. బాస్టియన్‌కు ఎదురుతిరిగిన కొండమనిషి ఢిల్లీలో సభ్యుడై కూర్చున్నాడు. చిత్రకారులకు ఢిల్లీయే కావలసివస్తే ఆ దారి కూడా ఉన్నది గదా!

కొండ దిగిన తరువాత, పిల్లల కోరికమీద, కృష్ణదేవిపేటకు పోయినాము. సీతారామరాజు సమాధి అక్కడ ఉన్నది, గంటన్న దొర సమాధి కూడా అక్కడే. మేము వెళ్లిన వేళకు తోటమాలి తప్ప మరెవరూ లేరు. మొదటి ప్రశ్న అడిగిన విద్యార్థి రెండు సమాధుల మధ్య చాలాసేపు నిలబడి, “ఈయన గురించి మా పుస్తకంలో లేదేమండీ?” అన్నాడు, రెండవదానిని చూపిస్తూ. తిరిగి కారెక్కిన తరువాత నేను గంటన్న దొర సంగతి మొదలుపెట్టాను. నర్సీపట్నం వచ్చేదాకా అదే సరిపోయినది.