స్ఫటికాన్ని చదివే యంత్రం

స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడుందో కొలిచి చెప్పే యంత్రం ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్. అందులో ముఖ్యమైన భాగాలు మూడు. ఒక గొట్టంలో ఎక్స్‌కిరణాలు పుడతాయి. మిల్లీమీటరులో పదో వంతో, రెండు మూడు పదో వంతులో ఉండే స్ఫటికాన్ని సన్నని గాజు పోగు కొనకు అంటించి, అన్ని వైపులకూ తిరిగే పీఠం మీద నిలబెడతారు. దాని మీద పడి చెదిరిన కిరణాలను అవతలనున్న డిటెక్టరు పట్టుకుంటుంది. స్ఫటికంలో అణువులు వరస తప్పకుండా పేర్చి ఉంటాయి కాబట్టి ఆ కిరణాలు అన్ని దిక్కులకూ సమానంగా పోవు. కొన్ని కోణాల్లో మాత్రమే ఒకదానికొకటి బలమిచ్చుకుని చుక్కలుగా తేలతాయి. చుక్కలు పడిన కోణాలను బట్టి పొరల మధ్య దూరాలు తెలుస్తాయి. అణువు ఆకారం తెలియాలంటే ఏ చుక్క ఎంత తీవ్రంగా ఉందో లెక్కగట్టాలి.

ఈ యంత్రం చరిత్రలో క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ వంటి హాలోజన్లు తగిలించుకున్న వలయాకార కర్బన అణువుల వాటా చిన్నది కాదు. మొదట్లో అవే యంత్రానికి దారి చూపాయి. యంత్రం చూపు పదునెక్కిన తర్వాత, దారి చూపిన ఆ హాలోజన్ పరమాణువు గురించి అప్పటిదాకా అనుకున్నదే సరికాదని తేలింది. ఈ రెండో ఘట్టంలో హైదరాబాద్ పేరు గట్టిగా వినిపిస్తుంది.

1912లో మ్యూనిక్‌లో భౌతికశాస్త్రవేత్త లావే సూచన మీద ఫ్రీడ్రిక్, క్నిపింగ్ అనే ఇద్దరు మైలుతుత్తం స్ఫటికం గుండా ఎక్స్‌కిరణాలు పంపి ఫొటో ప్లేటు మీద చుక్కలు పట్టారు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని లీడ్స్‌లో విలియం హెన్రీ బ్రాగ్ ఆ ప్రయోగాన్ని కొలత యంత్రంగా మార్చాడు. కాంతిని కొలిచే స్పెక్ట్రోమీటరులో దుర్భిణి ఉండే చోట వాయువు నింపిన అయనీకరణ గదిని అమర్చడం ఆయన చేసిన మార్పు. చుక్కల కోణానికీ పొరల మధ్య దూరానికీ ఉన్న సూత్రాన్ని కొడుకు లారెన్స్ అప్పటికే కనిపెట్టాడు. 1915లో తండ్రీకొడుకులకు కలిపి నోబెల్ వచ్చింది. అప్పటికి లారెన్స్ వయసు 25. అనకాపల్లిలో చెరుకు మీద పరిశోధన కేంద్రం మొదలైందీ బ్రాగ్ యంత్రం వచ్చిన 1913లోనే. ఆ చెరుకులోని చక్కెర ఈ యంత్రం ముందుకు రావడానికి మరో మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఉప్పు, వజ్రం వంటివి తేలిగ్గానే లొంగాయి. కర్బన అణువులు అలా లొంగలేదు. ఎక్స్‌కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు; కార్బన్‌లో అవి 6, హైడ్రోజన్‌లో ఒక్కటే. అందుకే తొలితరం వాళ్లు హాలోజన్లు నిండుగా ఉన్న వలయాల వైపు మొగ్గారు. 1928లో కాలిఫోర్నియాలో డికిన్సన్, బిలికే అనే ఇద్దరు బెంజీన్ హెక్సాక్లోరైడ్, హెక్సాబ్రోమైడ్‌ల బీటా రూపాలను పరిశీలించారు. ఆరు కార్బన్ల వలయం, ఒక్కో కార్బన్‌కు ఒక్కో హాలోజన్. ఇలాంటి వలయం బల్లపరుపుగా ఉండదనీ, కుర్చీలా ముడుచుకుంటుందనీ 1890లోనే జర్మన్ రసాయనవేత్త సాక్సే రాశాడు. ఆయన లెక్కలు ఎవరూ పట్టించుకోలేదు, ఆయన 1893లో చనిపోయాడు. డికిన్సన్, బిలికేలు చూసిన అమరిక ఆ ముడుచుకున్న వలయంతో పొసిగింది.

అదే కాలంలో లీడ్స్‌లో కాథ్లీన్ లాన్స్‌డేల్ మరో తరహా వలయాన్ని పట్టుకుంది. 1929లో హెక్సామిథైల్ బెంజీన్ ద్వారా బెంజీన్ వలయం చదునుగా ఉంటుందని నిరూపించింది. 1931లో హెక్సాక్లోరోబెంజీన్ మీద ఫూరియే గణితాన్ని ప్రయోగించింది. కర్బన అణువు ఎలక్ట్రాన్ల పటాన్ని ఆ పద్ధతిలో గీయడం అదే మొదలు. లెక్క మొత్తం చేత్తోనే చేయాల్సి వచ్చింది. ఈ హెక్సాక్లోరోబెంజీన్ ముచ్చట ముందు మళ్లీ వస్తుంది.

ముడుచుకునే వలయాల కథను కొలిక్కి తెచ్చినవాడు నార్వేకు చెందిన ఆడ్ హాసెల్. ఎక్స్‌కిరణాలతో పాటు, వాయువుల మీద ఎలక్ట్రాన్ కిరణాలు ప్రయోగించి సైక్లోహెక్సేన్ సంతతిని పరిశీలించాడు. కుర్చీ రూపంలో ప్రతి కార్బన్‌కూ రెండు స్థానాలు ఉంటాయి: ఒకటి వలయానికి నిలువుగా, రెండోది పక్కకు. మామూలుగా క్లోరిన్ పక్క స్థానాన్నే ఇష్టపడుతుంది, అక్కడ ఇరుకు తక్కువ. కానీ అది తిరుగులేని నియమం కాదు. థయోయూరియా స్ఫటికంలోని సన్నని గొట్టాల్లో క్లోరోసైక్లోహెక్సేన్‌ను బంధిస్తే ఎక్కువ అణువులు నిలువు స్థానానికే మారిపోతాయి. అణువు ఆకారాన్ని నిర్ణయించడంలో చుట్టూ ఉన్న స్ఫటికానికీ పాత్ర ఉందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కుర్చీ రూపం, దానిలోని రెండు స్థానాల గురించి హాసెల్ 1943లో నార్వీజియన్ భాషలో ప్రచురించాడు. అదే ఏడాది నాజీలు ఆయన్ను నిర్బంధించారు. నోబెల్ 1969లో డెరెక్ బార్టన్‌తో కలిసి అందింది.

వలయం ముడుచుకునే తీరు పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కాదని మన పొలాలే సాక్ష్యం. పాతతరం రైతులు గమాక్సిన్ పొడి అని పిలిచే పురుగుమందు, ఆ బెంజీన్ హెక్సాక్లోరైడే. 1825లో ఫారడే మొదట తయారుచేసిన ఈ పదార్థం ఒక్క రూపంలో ఉండదు. క్లోరిన్లు వలయానికి పైనా కిందా ఎటు కూర్చున్నాయన్న దాన్ని బట్టి పలు ఐసోమర్లు ఏర్పడతాయి. పురుగును చంపేది అందులో గామా ఒక్కటే. మామూలు పొడిలో దాని వాటా నూటికి 10 నుంచి 15. గామాలో మూడు క్లోరిన్లు పక్కపక్కనే నిలువు స్థానాల్లో ఉంటాయి. బీటాలో ఆరూ పక్క స్థానాల్లోనే ఉంటాయి కనుక అది ఏ రసాయన చర్యకూ తేలిగ్గా లొంగదు, మట్టిలోనూ ఒంటి కొవ్వులోనూ ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. పురుగును చంపని రూపాలే పొడిలో ఎక్కువ భాగం కావడం ఆ మందు అసలు దోషం. మన దేశం దాన్ని 1997లో నిషేధించింది. గామా రూపం స్ఫటిక నిర్మాణాన్ని 1950లో నెదర్లాండ్స్‌లోని బైఫూట్ బృందం ప్రకటించింది.

యంత్రానికి ఉన్న పెద్ద లోపం ఇక్కడ చెప్పుకోవాలి. డిటెక్టరు చుక్కల తీవ్రతను కొలుస్తుంది, కానీ ఏ తరంగం ఏ దశలో వచ్చిందో నమోదు చేయలేదు. దశలు తెలియకుండా పటం గీయడం కుదరదు. ఈ చిక్కును విప్పడంలో హాలోజన్ అక్కరకొచ్చింది. క్లోరిన్‌లో 17 ఎలక్ట్రాన్లు, బ్రోమిన్‌లో 35, అయొడిన్‌లో 53. పొదల మధ్య తాటిచెట్టులా బరువైన పరమాణువు ముందు కనబడుతుంది. దాన్ని ఆనవాలుగా పెట్టుకుని మిగతావాటి చోట్లు వెతుక్కోవచ్చు. 1934లో ప్యాటర్సన్ కనిపెట్టిన గణితం ఆ బరువైన పరమాణువును వెతికిపెడుతుంది. డొరొతి హాడ్జ్‌కిన్, కార్లైల్ కలిసి 1945లో కొలెస్టరాల్ నిర్మాణాన్ని అయొడిన్ తగిలించిన రూపం సాయంతోనే ప్రకటించారు.

చక్కెర కూడా ఈ దారినే లొంగింది. అనకాపల్లి బెల్లం దిమ్మలో ఎక్కువ పాలు సుక్రోజు. గ్లూకోజు వైపు ఆరు పరమాణువుల వలయం, ఫ్రక్టోజు వైపు అయిదు పరమాణువుల వలయం, మధ్యలో వాటిని కలిపే ఆక్సిజన్. పాకంలో ఆ వంతెన తెగిపోయి రెండు ముక్కలూ విడివిడిగా ఎక్కువైతే దిమ్మ సరిగా గట్టిపడదు, చెమ్మ పట్టేస్తుంది. 1947లో బీవర్స్, కాక్రన్ సుక్రోజును సోడియం బ్రోమైడ్‌తో కలిపి స్ఫటికం పెంచారు. ఇక్కడ బ్రోమిన్ వలయానికి అతుక్కోలేదు, పక్కన అయానుగా నిలబడింది. అయినా ఆనవాలుగా అది చాలింది. గ్లూకోజు వలయం కుర్చీ రూపంలో కనబడింది. శుద్ధమైన సుక్రోజు నిర్మాణం 1952లో వచ్చింది. 1976లో లండన్‌లో హఫ్, ఫడ్నిస్ సుక్రోజులోని మూడు హైడ్రాక్సిల్ సమూహాల చోట మూడు క్లోరిన్లు పెడితే సుక్రలోజ్ తయారైంది; తీపి చక్కెరకు సుమారు 600 రెట్లు. మధుమేహం ఉన్నవాళ్లు టీలో వేసుకునే తీపి బిళ్లల్లో కొన్నింటిలో ఉండేది అదే.

అనకాపల్లికి పొరుగునే, వాల్తేరులో, ఇంకో రకం యంత్రం హాలోజన్ వలయాల అణువులనే మరో దారిలో పరిశీలించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన కొచ్చర్లకోట రంగధామరావు 1950ల్లో న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ పరిశోధన చేపట్టారు. జర్మనీలో డెమెల్ట్, క్రూగర్ ఆ దృగ్విషయాన్ని కనిపెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఇందులో ఎక్స్‌కిరణాలు ఉండవు, అయస్కాంతమూ అక్కర్లేదు. పొడిని తీగచుట్టలో పెట్టి రేడియో తరంగాలు పంపితే క్లోరిన్ కేంద్రకం తన చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని బట్టి ఒక కచ్చితమైన పౌనఃపున్యం దగ్గర స్పందిస్తుంది. బీరువాల్లో వేసే పారాడైక్లోరోబెంజీన్‌కు మామూలు గది వేడి దగ్గర అది సుమారు 34.3 మెగాహెర్ట్జ్. హెక్సాక్లోరోబెంజీన్‌లో ఆరు క్లోరిన్లున్నా 38 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో గీతలు మూడే వస్తాయి. స్ఫటికంలో అణువు కేంద్రానికి ఇరువైపులా ఎదురెదురు క్లోరిన్లు జంటలుగా సమానమని దాని అర్థం. ఎక్స్‌కిరణాల లెక్కా అదే చెబుతుంది. స్ఫటికం పెంచే శ్రమ లేకుండా ఇంత సమాచారం రాబట్టే ఈ పద్ధతికి రావలసినంత పేరు రాలేదు.

డిఫ్రాక్టోమీటర్ ఈలోగా చాలా మారింది. మొదట ఫిల్ము మీద చుక్కల నలుపును కంటితో అంచనా వేసేవారు; ఒక నిర్మాణానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. 1960ల నుంచి నాలుగు వలయాల మీద స్ఫటికాన్ని కంప్యూటరే తిప్పే యంత్రాలొచ్చాయి. 1990ల్లో వేల చుక్కలను ఒక్కసారే పట్టే సీసీడీ డిటెక్టర్లు చేరాక పని గంటల్లోకి దిగింది. నైట్రోజన్ చల్లదనంలో స్ఫటికాన్ని సున్నా కింద 170 డిగ్రీల దాకా చల్లబరిస్తే పరమాణువుల కంపనం తగ్గి పటం ఇంకా తేటపడుతుంది. కేంబ్రిడ్జిలో 1965లో మొదలైన నిర్మాణాల భాండాగారంలో 2019 నాటికి పది లక్షలు పోగయ్యాయి.

ఆ భాండాగారాన్ని బుర్రపెట్టి చదివినవారిలో గౌతమ్ దేశిరాజు ఒకరు. 1979లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరి, మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. స్ఫటికంలో పక్కపక్క అణువుల క్లోరిన్లు ఒకదానికొకటి అనుకున్నదానికంటే దగ్గరగా రావడం అప్పటికే తెలుసు. రెండు క్లోరిన్ల మధ్య 3.5 ఆంగ్‌స్ట్రాములు ఉండాలి. చాలా స్ఫటికాల్లో అంతకంటే తక్కువ కనిపిస్తుంది. 1985లో నైబర్గ్, ఫేర్మన్ ఒక కారణం చూపారు: కార్బన్‌కు అతికిన క్లోరిన్ గుండ్రని బంతి కాదు. బంధం దిశలో దాని వ్యాసార్థం 1.58, పక్కకు 1.78 ఆంగ్‌స్ట్రాములు. అంటే కొన దగ్గర అది నొక్కుకుపోయి ఉంటుంది. మరి ఆ దగ్గరితనం కేవలం ఇరుకులో సర్దుకోవడమేనా, నిజమైన ఆకర్షణా? 1989లో దేశిరాజు, పార్థసారథి ప్రశ్ననే శీర్షికగా పెట్టి రాసిన వ్యాసంలో ఆకర్షణ వైపు మొగ్గారు. రెండు వైపులా కార్బన్-హాలోజన్ బంధం చేసే కోణాలు సమానంగా ఉండే తాకిడిని మొదటి రకమన్నారు. ఒక హాలోజన్ కొన మరొకదాని పక్కభాగం వైపు సుమారు లంబంగా చూస్తే రెండో రకం. మొదటిది చాలావరకు సర్దుబాటు, రెండోది ఆకర్షణ. వాదన చాలాకాలం సాగింది. కొన దగ్గర ఎలక్ట్రాన్లు పలచబడి కొంత ధనావేశం, నడుము చుట్టూ రుణావేశం ఉంటాయని గణనలు చూపాక అది సద్దుమణిగింది. హాలోజన్ బంధానికి అంతర్జాతీయ రసాయన సంఘం 2013లో ఇచ్చిన నిర్వచనంలో మొదటి రచయిత దేశిరాజే.

అదే విశ్వవిద్యాలయంలో అశ్విని నాంగియా బృందం ఈ ఆకర్షణను నిర్మాణానికి వాడుకుంది. ట్రయజీన్ వలయానికి మూడు హాలోఫీనాక్సీ చేతులున్న అణువుల్లో, మూడు హాలోజన్లు త్రిభుజంగా ఒకదాని నడుమును మరొకటి తాకుతూ అణువులను కట్టిపడేస్తాయి. మధ్యలో వేరే అణువులు దూరేంత గొట్టాలు ఏర్పడతాయి.

హెక్సాక్లోరోబెంజీన్ ముచ్చట ఇక్కడ మళ్లీ వస్తుంది. లాన్స్‌డేల్ చూసిన ఆ సూదుల్లాంటి స్ఫటికాలను 2005 ప్రాంతంలో మల్లారెడ్డి, దేశిరాజు తదితరులు సూక్ష్మదర్శిని కింద పటకారుతో పట్టుకుని సూదితో నొక్కారు. కర్బన స్ఫటికం పెళుసుగా విరుగుతుందని అందరి నమ్మకం. ఇది వంగింది, వంగినట్టే ఉండిపోయింది. అదీ ఒక ముఖం మీద నొక్కితేనే. చదునైన వలయాలు ఒకదానిపై ఒకటి పేరుకున్న దిశలో పట్టు ఎక్కువ. దానికి లంబంగా క్లోరిన్ల మధ్య ఉన్న పట్టు తక్కువ, కాబట్టి పొరలు జారతాయి. బలమైనదీ బలహీనమైనదీ ఇలా లంబ దిశల్లో పడిన స్ఫటికాలే వంగుతాయన్నది వాళ్లు తేల్చిన సూత్రం. డెబ్బై ఏళ్లకు పైగా ప్రయోగశాలల్లో ఉన్న స్ఫటికాన్ని ఎవరూ వంచి చూడకపోవడం ఆశ్చర్యమే.

అనకాపల్లి జిల్లాలో ఈ విజ్ఞానం రోజువారీ అవసరం. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం ప్రాంతాల్లో బల్క్ డ్రగ్ పరిశ్రమ ఉంది, మందుల్లో హాలోజన్ వలయాలు కొల్లలు. సిప్రోఫ్లాక్ససిన్‌లో ఫ్లోరిన్, సెర్ట్రలిన్‌లో రెండు క్లోరిన్లు, క్లోపిడోగ్రెల్‌లో ఒకటి. ఒకే అణువు రెండు మూడు తీర్లలో పేరుకుని వేర్వేరు స్ఫటిక రూపాలు ఏర్పడొచ్చు, వాటిని పాలిమార్ఫ్‌లంటారు. క్లోపిడోగ్రెల్ బైసల్ఫేట్ మొదటి రూపం మోనోక్లినిక్, రెండోది ఆర్థోరాంబిక్. రూపం మారితే కరిగే వేగం, నిల్వ, మాత్రగా అదిమే తీరు మారొచ్చు, పేటెంటు గొడవలూ వస్తాయి. ఇలాంటి చోట ఒంటి స్ఫటికం యంత్రం కంటే, 1916లో డెబై, షెరర్ మొదలుపెట్టిన పొడి పద్ధతే ఎక్కువ పనికొస్తుంది. పొడిని పళ్లెంలో నొక్కి యంత్రంలో పెడితే శిఖరాల వరస గీతగా వస్తుంది. శిఖరాలు ఏ కోణాల దగ్గర లేచాయో ప్రామాణిక గీతతో పోల్చి, బ్యాచ్‌లో రూపం సరైనదో కాదో నిర్ధారిస్తారు.

మందు అణువు కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నది మాత్రం ఒంటి స్ఫటికమే తేల్చాలి. క్లోపిడోగ్రెల్‌లో ఒక్క వాటమే పనిచేస్తుంది. బరువైన పరమాణువు ఎక్స్‌కిరణాలను చెదరగొట్టడంలో చూపే చిన్న తేడాతో వాటం పట్టవచ్చని 1951లో బైఫూట్ చూపించాడు. 1983లో ఫ్లాక్ దాన్ని ఒక అంకెగా మార్చాడు: సున్నాకు దగ్గరైతే వాటం సరైనది, ఒకటికి దగ్గరైతే తలకిందులు. క్లోరినో సల్ఫరో ఉన్న అణువుకు ఈ అంకె నమ్మకంగా వస్తుంది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ మాత్రమే ఉంటే తేడా మరీ చిన్నదై అంకె తడబడుతుంది. అందుకే అలాంటి మందుల హైడ్రోబ్రోమైడ్ లవణాన్నో, బ్రోమిన్ తగిలించిన రూపాన్నో పనిగట్టుకుని తయారుచేసి స్ఫటికం పెంచడం ఇప్పటికీ మామూలే.