పసుపు - చర్మపు రాచపుండు

కొడవలి తగిలి వేలు తెగినపుడు రైతు మొదట వెదకునది పసుపు. తాతల నాటి ఈ అలవాటులో మంచి లేకపోలేదు. అయితే పసుపు పూసినచో చర్మపు రాచపుండు, అనగా కాన్సరు, కూడ మానునని కొందరు నమ్ముచున్నారు. ఇందు నిజమెంతయో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

పసుపులోని గుణము

దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లకు వచ్చు పసుపు కొమ్ములకు రంగు నిచ్చునది కర్‌క్యుమిన్ అను పదార్థము. శాస్త్రజ్ఞులు దీనిని 1815లో మొదట వేరుచేసిరి. రకమును బట్టి నూరు గ్రాముల ఎండు పసుపులో ఇది సుమారు 2 నుండి 5 గ్రాముల వరకు ఉండును.

శరీరములోని జీవకణము పాతబడినపుడు తనంత తాను చచ్చుట ప్రకృతి ధర్మము. కాన్సరు కణము ఈ ధర్మము తప్పి, చేనిలో తుంగవలె అదుపు లేక పెరుగును. ప్రయోగశాలలో గాజు పళ్ళెములలో పెంచిన చర్మపు కాన్సరు కణములపై కర్‌క్యుమిన్ వేయగా వాని పెరుగుదల ఆగినది. చాల కణములు చచ్చినవి.

పళ్ళెము వేరు, శరీరము వేరు

పరిశోధనా క్షేత్రములో బాగుగ పండిన విత్తనము ప్రతి చేనిలోను అట్లే పండదు. ఇదియు అంతే. కర్‌క్యుమిన్ నీటిలో కరగదు. తిన్న దానిలో రక్తమున చేరునది బహు స్వల్పము.

కేరళలో త్రిచూరు నందలి అమల కాన్సరు పరిశోధనా కేంద్రమువారు, పైకి కనబడు కాన్సరు పుండ్లు గల 62 మందికి పసుపు సారమును, కర్‌క్యుమిన్ లేపనమును పూసి, 1987లో ఫలితములు ప్రకటించిరి. పదిమందిలో తొమ్మిదిమందికి పుండు దుర్వాసన తగ్గెను. దురదయు తగ్గెను. కాని పుండు చిన్నదైనది సుమారు పదింట ఒకరికే. అనగా ఇది బాధకు ఉపశమనమే గాని వ్యాధికి చికిత్స కాదు.

మొక్కలనుండి మందు రాదని కాదు. బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తకాన్సరుకు వాడుచున్నారు. అది శుద్ధిచేసి, తూచి, వైద్యులు ఎక్కించు మందు. ఆ మొక్క ఆకు పసరు మాత్రము విషము.

గమనింపవలసినవి

1. నాలుగు వారములైనను మానని పుండు.
2. అరికాలిలో గాని, గోరు క్రింద గాని క్రొత్తగా పుట్టి పెరుగు నల్లమచ్చ.
3. పాత కాలిన మచ్చపై లేచిన పుండు.
4. నడుమున పంచె బిగించు చోట ఏండ్ల తరబడి ఒరిసి పడిన పుండు.

ఇట్టివి కనబడినచో పసుపు ముద్దలు, జిల్లేడు పాలు పూయుచు కాలము గడుపరాదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి చూపవలెను. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతోనే చాలవరకు నయమగును. ఆలస్యమైనచో కాలో, ప్రాణమో పోవచ్చును. గ్రామాధికారులు ఈ సంగతి రైతుల సభలలో చెప్పి, సందేహమున్న వారిని ఆసుపత్రికి పంపవలెను.

పసుపు మన పంట, మన వంటింటి సొత్తు. దానిని అక్కడ వాడుకొందము. మానని పుండును వైద్యునికి చూపుదము.